పాత మెషీన్ మీద చూశావా

“పాత మెషీన్ మీద సూసావేటే?”

“సూళ్ళేదండీ. ముందా మాత్ర మింగండి. తరవాత సూత్తాను.”

మా ఆయనా నేనూ చివరిగా అనుకున్న మాటలు ఇవే. మాత్ర మింగాడు. గ్లాసు రెండుసార్లు కడిగి బోర్లించాడు. షాపు తియ్యడానికని బయలుదేరి, తాళంచెవి చేతిలో ఉండగానే గుమ్మం దగ్గర కూలబడిపోయాడు. నేను పరిగెత్తి వెళ్ళేసరికి పలకలేదు. ఆసుపత్రిలో గుండె అన్నారు.

ఇక్కడినుంచే రాయి గుంటా. మా అన్న కూతురివి, చదువుకున్నదానివి. నా యాస నువ్వు పుస్తకంలో రాసేలాగ సర్దుకో, పరవాలేదు. కానీ మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉండాలి.

కంప్యూటర్లోకి తెలుగు ఎలా వచ్చిందో చెప్పే పుస్తకం మొన్న తెచ్చి నువ్వే కదా చదివి వినిపించావు. అందులో మా ఆయన మీద ఒక్కటే వాక్యం. నర్సీపట్నంలో ఒకాయన కొన్నాళ్ళు ఈ పని చూసి మధ్యలో వదిలేశారట. పేరు వెయ్యలేదు, వెయ్యకపోతే పోయింది. వదిలేశారు అన్న మాట మాత్రం నా గొంతు దిగడం లేదు. మొగుడు పోయినప్పుడు కూడా ఇన్ని రోజులు అన్నం సయించకుండా లేను. ఆ ఒక్క మాట తప్పని చెప్పడానికే ఇదంతా.

మాకు బస్టాండు వెనక సందులో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. తొంభైల్లో ఆ సందులోకి అడుగు పెడితే టకటకలు తప్ప మాట వినపడేది కాదు. లోయరు, హయ్యరు పరీక్షలకి గొలుగొండ నుంచీ పాయకరావుపేట నుంచీ పిల్లలు వచ్చేవారు. తరవాత కంప్యూటర్లు వచ్చాయి, టైపు మిషన్ల మీద గుడ్డలు కప్పేశాం. పెళ్ళికార్డులూ, కరపత్రాలూ వేసే షాపుగా మారాం. నాకు అక్షరాలు పెద్దలబడిలో వచ్చినవే. అవి కూడా బస్సు బోర్డుల మీద చదివి గట్టిపరుచుకున్నాను. అంతకంటే చదువు లేదు.

కంప్యూటర్ నడవడానికి కావలసిన సరుకంతా ఊరికే ఇచ్చే గిడ్డంగి ఒకటి ఉందని ఆయనకి ఎలా తెలిసిందో నాకు తెలీదు. గిడ్డంగి అంటే గోడలూ తలుపులూ ఉన్నది కాదు, ఫోను వైరులోంచి వచ్చేది. దేశదేశాల వాళ్ళు జీతం బత్తెం లేకుండా తలా కొంత సరుకు చూసుకుంటారు. ఒక్కో మూటని ప్యాకేజీ అంటారు. మూటకొక మనిషి పూచీ, ఆ మనిషి మెయింటెయినరు. కొత్త సరుకు వస్తే విప్పి చూడాలి, పక్క మూటలతో పొసుగుతుందో లేదో చూడాలి, మళ్ళీ కట్టి తన గుర్తు వేసి లోపల పెట్టాలి. తప్పు కనబడితే ఎవరైనా సరే, ఇదిగో తప్పు అని రాయొచ్చు. చిన్న తప్పు, పెద్ద తప్పు, మరీ పెద్ద తప్పు అని అంతస్తులుంటాయి. అప్పుడప్పుడు మొత్తం సరుకుని సీడీల మీద విడుదల చేస్తారు. ఆ వేళకి మరీ పెద్ద తప్పు మీద ఉన్న ప్యాకేజీ గుమ్మం బయట ఉండిపోతుంది.

ఇది నాకు చెప్పగానే ఎక్కింది. పెళ్ళికి ముందు కోటవురట్ల దగ్గర మా ఊళ్ళో జీడిపప్పు ఏరేదాన్ని. నిండు పప్పు ఒక చేట, బద్ద ఒక చేట, ముక్క ఒక చేట. పుచ్చుది ఒక్కటి పడితే కొన్నాళ్ళకి డబ్బా అంతా కంపు. బద్దని తీసుకెళ్ళి నిండు పప్పులో కలిపేసే చెయ్యి అక్కడ కూడా ఉండేది. ఆ చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరూ అనేవారు కాదు.

మా ఆయన పూచీ పడ్డది తెలుగు టైపు ప్యాకేజీకి. ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు పడుతుంది. దానిలో మాటల సంచి అని ఒకటుండేది. మనం తరచుగా కొట్టే మాటలు అందులో వేసుకుంటే, రెండక్షరాలు కొట్టగానే మాట మొత్తం వచ్చేస్తుంది. నాలాంటి దానికి అది చేతికర్ర. పెళ్ళికార్డుల కోసం ఇంటిపేర్లూ ఊళ్ళపేర్లూ ఒక్కొక్కటే కూడబలుక్కుని నా సంచిలో వేసుకున్నాను. చుట్టుపక్కల కార్డులు కొట్టే షాపులన్నీ, కొన్ని బడులూ అదే వాడేవి. వాళ్ళ సంచులు వాళ్ళవి.

షాపులో రెండు మెషీన్లు. ఒకటి వెనక గదిలో ఆయనది, రెండోది కౌంటరు పక్కన నేను కొట్టే పాతది. కొత్త ప్యాకేజీ కట్టినప్పుడల్లా వెనక గది మెషీన్ని పూర్తిగా చెరిపేసేవాడు. లోపల చిన్న గీత కూడా మిగలకూడదు. ఆయన అన్నిటికీ అంతే. కడిగిన గ్లాసు మళ్ళీ కడుక్కుంటే గాని నీళ్ళు తాగేవాడు కాదు. పెళ్ళయిన కొత్తలో, నేను తోమిన కంచం మళ్ళీ తోముతున్నాడని ఏడ్చాను కూడా. అలా చెరిపిన మెషీన్ మీద ప్యాకేజీ వేసి నన్ను కూర్చోబెట్టేవాడు. నోరు విప్పి ఒక్క ముక్క సాయం చెప్పేవాడు కాదు.

“నీకు తెలీకపోతే అది నా తప్పేనే. నువ్వు కొట్టు” అనేవాడు.

నేను బస్సు బోర్డులన్నీ వరసగా కొట్టేదాన్ని. ఎక్కడైనా ఆగిపోతే ఆయన ప్యాకేజీ విప్పి మళ్ళీ కట్టేవాడు. నేను అడ్డం లేకుండా కొట్టాకే గిడ్డంగికి పంపేవాడు. ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి. ఒక్క ఫిర్యాదు లేదు.

ఒక విడుదల దగ్గరపడుతుండగా వెనక గది మెషీన్ పాడై, రిపేరుకి విశాఖపట్నం వెళ్ళింది. కట్టిన ప్యాకేజీ చూడడానికి మెషీన్ లేదు. ఎన్నడూ లేనిది నా పాతదాని మీద వేశాడు. నేను కూర్చుని ఒక ఇంటిపేరులో రెండక్షరాలు కొట్టాను. మాట రాలేదు. ఇంకోటి కొట్టాను, రాలేదు. సంచి తెరిస్తే ఖాళీ.

“ఓలమ్మో, నా మాటలేటైపోనాయండీ?”

“నువ్వేదో నొక్కేసుంటావు.”

“నానేటీ నొక్కనేదు. మీరే ఏదో సేసినారు.”

ఆయన నవ్వుతూనే వచ్చాడు. పాత ప్యాకేజీ వేసి, నాలుగు మాటలు సంచిలో పెట్టి, దాని మీద కొత్తది వేశాడు. నాలుగూ పోయాయి. మళ్ళీ చేశాడు, మళ్ళీ పోయాయి. అప్పుడు నవ్వడం మానేసి స్టూలు మీద కూర్చున్నాడు.

“ఇన్నాళ్ళూ కడిగిన కంచంలో తిని రుచి సెప్పానే. ఊళ్ళోవోళ్ళందరూ అన్నం ఉన్న కంచంలో ఒడ్డించుకుంటారు కదా” అన్నాడు.

చెరిపేసిన మెషీన్లో పోవడానికి మాటలుండవు కాబట్టి ఆ తప్పు ఆయన కళ్ళ పడలేదు. ఆయన శుభ్రమే ఆయన కళ్ళు మూసింది. అదృష్టం ఏమిటంటే, ఈ తప్పు ఆ విడుదలకని కట్టిన సరుకులోనే దూరింది. వెనక గది మెషీన్ పాడవకముందు దాని మీద చూసి పంపిన మొదటి మూట గిడ్డంగి లోపలికి వెళ్ళింది గాని సీడీల మీదికి ఇంకా ఎక్కలేదు. ఆ రోజు మధ్యాహ్నమే ఫోను కలిపి, తన ప్యాకేజీ మీద తనే తప్పు రాశాడు. చిన్నదని కాదు, మరీ పెద్దదని. అంటే నేను సరిచేసేదాకా దీన్ని బయటికి వదలొద్దు అని.

దాంతో మాస్టారు దిగారు. ఆయన విశాఖపట్నంలో కాలేజీ లెక్చరరు. ఈ గిడ్డంగి పనిలో మా ఆయనకి దోవ చూపించిందీ, మనవాడే అని గిడ్డంగి వాళ్ళకి పూచీ చెప్పిందీ ఆయనే. ఆ కృతజ్ఞత మాకు ఉండేది. ఫోన్లు చేసి చేసి, లాభం లేక బస్సెక్కి షాపుకే వచ్చారు.

“ఏమయ్యా, తన ఇంటికి తనే బయటినుంచి గొళ్ళెం పెట్టుకునేవాణ్ణి నిన్నే చూశాను.”

“తప్పు ఉన్నాది కదండి మాస్టారూ.”

“ఉంది, కాదనను. చిన్నది అని మార్చెయ్యి. విడుదలయ్యాక తీరిగ్గా చూద్దాం. నువ్వు రాసిందే కదా, నువ్వు తగ్గించుకుంటే ఎవడడుగుతాడు?”

“అడగరనే బయమండి.”

“కొత్తగా వేసుకునేవాడికి ఏమీ కాదు కదా?”

“కొత్తోడికి ఏటీ అవదండి. మనల్ని నమ్మి ఇన్నాళ్ళు వాడతన్నోడికే పోద్ది. ఆడి కంచంలో కూడు మనమే పారబోత్తామేటండి?”

మాస్టారు నా వైపు తిరిగారు. “నువ్వైనా చెప్పు చెల్లెమ్మా. సీడీలో తెలుగు ఉంటుందని పెద్దపెద్ద ఆఫీసుల్లో మాటిచ్చేశాను.”

“మాటిచ్చింది మీరు కదండి, ఈరి మెడకి సుట్టడం ఏటండి? పోయినియి నా మాటలు. నాకది సిన్న తప్పు కాదండి.”

“నీ సంచీలో నాలుగు ముక్కల కోసం తెలుగు దేశమంతా ఆగిపోవాలా?” అని నవ్వారు.

నేను పెట్టిన టీ మీద మీగడ కట్టింది. తాగకుండా లేచి వెళ్ళిపోయారు.

గిడ్డంగి తలుపు మూసే రోజు రానే వచ్చింది. మా ఆయన సరిచేసింది అప్పటికి సగమే. ప్యాకేజీ బయట ఉండిపోయింది. ఇక చూడు ఊరి నోరు. కార్డులు కొట్టే షాపువాళ్ళు వచ్చి కౌంటరు మీద మోచేతులు ఆనించి మరీ అన్నారు.

“ఏటి గురువుగారూ, సొంత కోడిని సొంతంగా కోసేసినారట?”

“ఊరికే ఇచ్చేదానికి ఇంత మడేటండి బాబూ!”

ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు. “మీ దగ్గిర పాత మెషీన్లు ఉన్నాయి కదా. నేను కట్టింది ఓసారి ఏసి, మీ మాటలు ఉన్నాయో పోయినాయో సూసి సెప్పండి. అంతే సాయం” అని ఒక్కొక్కణ్ణీ అడిగాడు. ఒక్కడూ ఒప్పుకోలేదు.

“మా పని పాడైపోద్దండి. మీరు సూసి బాగుందంటే అప్పుడేసుకుంటాం” అన్నారు.

అందరికీ ఏరిన పప్పే కావాలి. చేట ముందు కూర్చోడానికి ఒక్కడికీ నడుం వంగదు. నేను అప్పుడూ ఇదే అన్నాను, ఇప్పుడూ ఇదే అంటాను, రాయి.

అందుకని చూడడం నా ఒక్కదాని వంతయింది. ఆయన కట్టేవాడు. నేను పాతదానిలో మాటలు నింపి, పైన కొత్తది వేసి, అవి చస్తాయో బతుకుతాయో చూసేదాన్ని. చచ్చిపోతే మళ్ళీ నింపాలి. అది ఎంత విసుగో కూడబలుక్కుని రాసేవాళ్ళకే తెలుస్తుంది. ఆయనకి అప్పటికే షుగరు, ఆయాసం. మెట్లెక్కి వస్తే మాట తెగేది. “మీరు పోతే ఈ మూట ఎవడు మోత్తాడండీ” అని వేళాకోళానికి అడిగితే, “అందుకే బేగి అయిపోవాలే” అనేవాడు. పోవడానికి ముందు రోజు కట్టింది ఇంక ఆఖరిదనుకున్నాడు. సీడీ మీద పెట్టి, నాకు ఆనవాలుగా పైన గంట బొమ్మ గీసి, పాత మెషీన్ పక్కన ఉంచాడు. పొద్దున్నే అడిగిన మాట దాని గురించే.

చూస్తాను అన్నాను కదా, చూశాను. చావు జరిగిన ఇంటివాళ్ళు మెషీన్ ముట్టుకోకూడదని మా తోటికోడలు చెయ్యి పట్టుకుంది. “మైలలో అయ్యన్నీ ఏటే?” అంది. విడిపించుకుని వెళ్ళి షాపు తలుపు తీశాను. మాటలు నింపాను. గంట బొమ్మ సీడీ పెట్టి, ఆయన నేర్పినట్టే ఒకదాని తరవాత ఒకటి నొక్కాను. అయ్యాక రెండక్షరాలు కొట్టాను. మాట నిండుగా వచ్చింది. సంచి తెరిచాను. ఒక్కటీ పోలేదు. నమ్మకం చాలక మళ్ళీ మొదటినుంచి చేశాను. అన్నీ ఉన్నాయి. బాగుందండీ అని వెనక గదివైపు తిరిగాను. ఆ గదిలో ఎవరున్నారు?

పెద్దకర్మ నాడు మాస్టారు వచ్చారు. ఫొటోకి దండ వేసి, నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడిగారు.

“చెల్లెమ్మా, ఆయన పాస్‌వర్డ్ ఏమైనా నీకు చెప్పాడా?”

గాజులు తీసిన చేతుల మీద పసుపు రంగు ఇంకా పోలేదు. ఆ వేళ అడగవలసిన మాట అదా? గిడ్డంగికి పంపేటప్పుడు ఆయన వేసే గుర్తుకి ఒక రహస్యం మాట ఉండేది. అది ఎవరికీ చెప్పకూడదన్నది అక్కడి కట్టుబాటు. పెళ్ళాన్నని నాకు చెప్పేరకం కాదు ఆయన.

“నాకు సెప్పనేదండి. కానీ ఆఖరిది అయిపోనాది. నాను సూసినాను, బాగున్నాది. మీరు పంపండి” అన్నాను.

“చూద్దాంలే” అన్నారు.

నువ్వప్పుడు డిగ్రీ చదువుతున్నావు. నీ చేతే ఇంగ్లీషులో ఉత్తరం రాయించి ఫోను వైరులో గిడ్డంగి వాళ్ళకి పంపించాను. మర్యాదగానే జవాబిచ్చారు. మీ ఆయన పోయినందుకు విచారిస్తున్నాం అన్నారు. గుర్తు తెలియని చేతినుంచి సరుకు తీసుకోలేమనీ, తమకు తెలిసిన మనిషి ఎవరైనా విప్పి చూసి తన గుర్తు వేస్తే తీసుకుంటామనీ రాశారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఎవడు పడితే వాడు పంపింది తీసుకునే గిడ్డంగైతే మా ఆయన దాని గడప తొక్కేవాడే కాదు. ఇక్కడ వాళ్ళకి తెలిసిన మనిషి మాస్టారు ఒక్కరే. ఆయన ఒక పూట కూర్చుని చూస్తే సరిపోయేది.

విశాఖపట్నం వెళ్ళాను. గంట బొమ్మ సీడీకి నకలు తీసి చేతికిచ్చాను. పరీక్షలు అయ్యాక అన్నారు. మళ్ళీ వెళితే అమ్మాయి పెళ్ళి పనులన్నారు. ఇంకోసారి సీడీ ఎక్కడ పెట్టానో అన్నారు, ఇంకోటి ఇచ్చాను. ఆఖరికి వాళ్ళావిడే గేటు దగ్గరికి వచ్చి, “ఆయన ఊళ్ళో లేరండీ” అంది. చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి.

ఈలోగా ఆయన ఏం చేశారో విను. మా ఆయన ఆపేసిన సరుకే, ఆ పుచ్చుదే, గిడ్డంగితో పని లేకుండా సొంతంగా సీడీల మీదకి ఎక్కించి సభ పెట్టి పంచిపెట్టారు. శాలువా కప్పించుకున్నారు. పాతనుంచీ వాడుతున్నవాళ్ళు సంబరంగా వేసుకున్నారు. వేసుకున్న ప్రతివాడి సంచీ ఖాళీ. తిట్టడానికి అంత దూరం ఎవడెళ్తాడు? మా షాపుకే వచ్చారు.

“మీ ఆయన సేసిందే కదమ్మా. మా మాటలన్నీ పోయినాయి.”

“ఆయన ఆపింది ఇదే బాబూ. ఆపినందుకు కోడిని కోసేసినాడని నవ్వినారు కదా” అన్నాను.

తలలు దించుకుంటారనుకున్నాను. దించుకోలేదు. “మరి మంచిదుంటే ఇవ్వండి” అన్నారు. ఇచ్చాను. గంట బొమ్మ సీడీ వేసుకున్నవాళ్ళకి మళ్ళీ ఎప్పుడూ మాటలు పోలేదు. ఒక్కడైనా వచ్చి బాగుందమ్మా అనలేదు. బాగున్నది ఎవరికీ కనపడదు.

గిడ్డంగిలో ఆ ప్యాకేజీ పక్కన, చూసేవారు లేరు, ఎవరైనా తీసుకోండి అని రాసి పెట్టారట. చాలాకాలం ఉంచారు. ఎవరూ తీసుకోలేదు. తరవాత తీసేశామని రాశారని నువ్వే చెప్పావు. ఆ రోజు నేను వంట చెయ్యలేదు.

పుస్తకంలో వదిలేశారు అని రాసింది ఎవరో నాకు తెలుసు, నీకూ తెలుసు. పేరు వెయ్యొద్దు. మా ఆయన పేరు వాళ్ళు వెయ్యలేదు కదా, వాళ్ళ పేరు నేనెందుకు మొయ్యాలి? కానీ ఇది రాయి. ఆయన మధ్యలో వదల్లేదు. మధ్యలో పోయాడు. పోయేముందు పూర్తి చేశాడు. పాత మెషీన్ మీద చూశావా అని అడిగాడు. చూశాను. నా మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు, బాగుంది. ఆయన అడిగినదానికి నేను చెప్పవలసిన జవాబు ఇదే.

అయిందా? కలం పక్కన పెట్టకు. మా ఇంట్లోంచి చూడకుండా ఏదీ బయటికి వెళ్ళలేదు, ఇదీ వెళ్ళదు. మొదటినుంచి చదువు గుంటా, బేగి బేగి చదివెయ్యకు. నేను చెప్పినవన్నీ ఉన్నాయో, ఏవైనా పోయాయో, కళ్ళు మూసుకుని వింటాను. పోయినచోట ఆపుతాను. ఊఁ, చదువు.